పడవ మీద గీత

సైదులు పడవ మీద ఒక గీత ఉంది. అది పోవడం లేదు.

రంగు మీద గీత అయితే ఉప్పుకాగితం నాలుగుసార్లు ఆడిస్తే పోయేది. ఇది రంగు దాటి, లప్పం దాటి, చెక్కలోకి దిగింది. జానెడు పొడవు ఉంటుంది. పడవ పక్క చెక్క అడుగు వైపుకు వంపు తిరిగేచోట ఉంది. పడవ మామూలుగా నడుస్తున్నంతకాలం అది నీళ్ళ కిందే ఉంటుంది, ఎవరి కంటా పడదు. బోల్తా పడితేనే పైకొస్తుంది.

ఆ గీత గీసింది ఒక వెండి ఉంగరం. ఉంగరం జైబున్‌ది. జైబున్ మా బాబా కూతురు.

కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడచెట్ల మధ్య మా లంక. లంక కొసన చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడు ఖాసింపీరా బాబా. మేమంతా చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. మొక్కేది గంగమ్మకే అయినా, ఆ దర్గా గడప తొక్కని ఇల్లు లంకలో లేదు. పిల్లలకు సైదులనీ మస్తానమ్మనీ పేర్లు పెట్టుకునేది అందుకే. బాబా మాట తక్కువ మనిషి. జ్వరమని పోతే ఊదు వేసి నెమలీకల కట్టతో తడిమేవాడు. ఆ తర్వాత, "అవతలి గట్టున డాక్టరుకు కూడా చూపించుకో" అనేవాడు.

సైదులు బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన వెనకే తిరిగాడు. తల్లి లేని పిల్లాడు. దర్గా ఊడ్చేవాడు, మంచినీళ్ళు మోసేవాడు, అడగాల్సినవీ అడక్కూడనివీ అన్నీ బాబాను అడిగేవాడు. జైబున్ తన కంచంలో అన్నం సగం వాడికి పెట్టి పెంచింది. పెళ్ళయి అవతలి గట్టుకు పోయినా, ప్రతి ఏడూ ఉరుసుకు వచ్చేది. ఉరుసు జెండా ఎగరేసే కొబ్బరిపీచు మోకు కూడా ఏటేటా ఆమే పేనించి పంపేది. వాడు ఆమెను అక్కా అనేవాడు. ఆ ఒక్క పిలుపు తప్ప వాడికి చుట్టరికమంటూ ఇంకేమీ లేదు, పెళ్ళయ్యేదాకా.

పాత రేవుపడవ నడిపే బసవయ్యకు కళ్ళు మసకలు కమ్మితే, ఆ పడవ సైదులు తీసుకున్నాడు.

అది ఎట్లా ఉండేదో చెప్పాలి. అడుగంతా గుల్లలు పట్టి, పక్కలంతా పాచి పట్టి, తారు పెచ్చులు పెచ్చులుగా ఊడి, చూస్తే కాలు పెట్టబుద్ధి అయ్యేది కాదు. అంచుకు బెత్తెడు కింద, రెండు పక్కలా వరసగా బెజ్జాలు. ఆ బెజ్జాల్లోంచి తీసి కట్టిన లావుపాటి మోకు పడవ చుట్టూ దండలాగా వేలాడుతుండేది. దానికీ పాచే, దానికీ గుల్లలే. చెయ్యి తగిలితే గీరుకునేది.

రంగు విషయంలో మా లంకోళ్ళంత పిచ్చివాళ్ళు ఎక్కడా ఉండరు. ఇంటి గోడకు సున్నం లేకపోయినా పర్వాలేదు, పడవకు మాత్రం రంగుండాలి. అందరికీ ఉన్న పిచ్చే సైదులుకు కాస్త ఎక్కువుంది. పడవను ఒడ్డుకు లాగి బోర్లించి, పాత కొడవలితో గుల్లలన్నీ గీకాడు. చీలికల్లో పీచు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పోశాడు. చెక్కకు చిత్రిక పట్టాడు. ఆ మోకు పీకి అవతల పారేశాడు. బెజ్జాల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టి, పైన లప్పం మెత్తి, ఎండాక ఉప్పుకాగితం పట్టాడు. మళ్ళీ లప్పం, మళ్ళీ కాగితం. ఆపైన నీలం రంగు.

మా వైపు పడవ నునుపు చూసేది దూదిపింజతో. పింజ పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు రాస్తారు. ఒక్క పోగు చెక్కకు పట్టుకుందా, పని కానట్టే. సైదులు పడవకు ఒక్క పోగు కూడా పట్టలేదు. వాడు సంబరంతో దర్గాకు పరిగెత్తి బాబాను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"చూడు బాబా. ఈగ వాలినా జారుద్ది."

బాబా అరచేత్తో పడవను తలనుంచి తోకదాకా తడిమాడు.

"పాత మోకేది?" అన్నాడు.

"పొయ్యిలోకి పోయింది బాబా. అసయ్యంగా ఉంది కదా."

బాబా ఇంకోసారి తడిమాడు. మొహంలో నవ్వొచ్చింది. "బాగుందిరా" అన్నాడు. ఆ మాటకు సైదులు వారం రోజులు నేల మీద నడవలేదు.

ఆ ఏడు ఉరుసుకు అవతలి గట్టు నుంచి వచ్చేవాళ్ళందరికీ, జైబున్‌తో సహా, కొత్త రంగు పడవే ఎక్కాలని సరదా. వద్దంటే వినరు. పోటు తగ్గి పాటు తిరిగేవేళ ఏటి నీళ్ళూ సముద్రపు నీళ్ళూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. దానికి గాలి తోడయింది. పడవ కాస్త ఊగేసరికి జనం భయపడి ఒకే పక్కకు ఒరిగారు. అంతే.

పడవ మునగలేదు. చెక్కపడవ మునగదు. బోర్లాపడి అక్కడే తేలుతూ ఉంది. నీళ్ళలో పడ్డవాళ్ళంతా దాన్నే పట్టుకోబోయారు. సైదులు చేతికి చిక్కిన ఇద్దరు పిల్లల్ని రెక్క పట్టి ఈదుకుంటూ ఇసకమేటకు చేర్చాడు. వెనక్కి తిరిగి చూసేటప్పటికి పడవ ఉంది, అక్క లేదు. వలలు వేస్తున్నవాళ్ళు పడవలేసుకుని వచ్చి తక్కినవాళ్ళను లాగారు. ముసలి మొగుడూపెళ్ళాలిద్దరూ, జైబున్, ఈ ముగ్గురూ దక్కలేదు.

బతికి బయటపడ్డ మా ఊరిపెద్ద పెదకాపు భార్య రత్తమ్మ రెండ్రోజులు ఒకటే మాట అంటూ కూచుంది. "చేతికి ఏదీ ఆనలేదమ్మా. ఎంత పట్టుకున్నా ఆనలేదు." ఎవరొచ్చి పలకరించినా అదే మాట.

లంకలో ఎవరూ సైదుల్ని నిందించలేదు. గాలి అన్నారు, గంగమ్మ కోరింది అన్నారు, జనం ఎక్కువయ్యారు అన్నారు. బాబా అయితే ఏమీ అనలేదు. కూతుర్ని దర్గా వెనక మట్టి చేసి, ఎగరెయ్యకుండా ఉండిపోయిన జెండా మోకును చుట్టచుట్టి గోడకు తగిలించి, అరుగు మీద కూచున్నాడు. నాలుగో రోజు సైదులు వచ్చి దూరంగా నిలబడితే, "అన్నం తిన్నావా?" అని అడిగాడు. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ మాట బదులు చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేదని తర్వాత పెళ్ళాంతో అన్నాడు.

పడవను ఒడ్డుకు లాక్కొచ్చి బోర్లించారు. అప్పుడు కనపడ్డాయి గీతలు. నీలం రంగు మీద, పక్కల నిండా, తెల్లగా గోళ్ళ గీతలు. చూసినవాళ్ళు చూడలేక తల తిప్పుకున్నారు. వాటి మధ్యలో ఈ ఒక్కటీ లోతుగా దిగింది.

సైదులు ఆ రోజే చెప్పేశాడు. "ఆ గీతలన్నీ పోవాల. పోయిననాడే మళ్ళీ తెడ్డు పడతా. పోకపోతే ఆ పడవ ఎక్కను, ఇంకే పడవా ఎక్కను. ఈ లంకలోనే ఉండను."

ఉత్తుత్తి మాట కాదు. వాడు మళ్ళీ తెడ్డు పట్టకపోతే లంకకు రేవుపడవ లేదు. పాటు తీశాక నడుంలోతు బురదలో పడి పిల్లలు బడికీ, ఆడవాళ్ళు చేపల తట్టలతో సంతకూ పోతున్నారు. పడవ నడపడం తప్ప వాడికి ఇంకో పనీ రాదు. ఊరొదిలి ఎక్కడికి పోతాడో, పోయి ఏమైపోతాడో తలుచుకుంటే వాడి పెళ్ళాం తులిశమ్మకు ముద్ద దిగేది కాదు.

గోళ్ళ గీతలు పోయాయి. రంగు మీదవి కాబట్టి పోయాయి. ఉంగరం గీత పోలేదు.

వాడు దాన్ని లప్పంతో పూడ్చాడు. కాగితం పట్టి రంగేశాడు. చూస్తే ఏమీ లేదు. తెల్లారి చూస్తే ఉంది. లోపలి చెక్క తడి ఆరలేదు, లప్పం లోనికి గుంజుకుంది. రంగంతా గీకి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గుంజుకుంది. గీత ఉన్నచోట చెక్కకు చిత్రిక పట్టాడు. కాస్త పోయింది, ఇంకాస్త మిగిలింది.

చేతులు బొబ్బలెక్కి పగిలాయి. తిండి లేదు, కంటి మీద కునుకు లేదు. రేవులో నుంచి పోయేవాళ్ళకు ఉప్పుకాగితం చప్పుడు ఒక్కటే వినపడేది. కొన్నాళ్ళకు ఆ చప్పుడు వినలేక జనం పక్కదారిన పోవడం మొదలుపెట్టారు.

చివరికి వాడు బాబా దగ్గరకు పోయాడు. ఎప్పుడూ కాళ్ళ దగ్గర కూచునేవాడు, ఆ రోజు మెట్టు దిగువనే నిలబడ్డాడు.

"బాబా, ఆ గీత పోవటంలా. ఏం చెయ్యమంటావు?"

బాబా వాడి చేతుల వంక చూశాడు. "ఏ గీత?"

సైదులు చేతులు వెనక్కి దాచుకున్నాడు. "అక్క ఉంగరం గీత" అన్నాడు.

బాబా తల ఊపాడు. "నేను అవతలి గట్టుకు పోవాలిరా. జైబూ కూతురు అక్కడ ఉంది. తాతా ఎప్పుడొస్తావని కబురు పంపిస్తా ఉంది. నీ పడవ దిగితే పోదామని కూచున్నా."

"వేరే పడవేదైనా అడిగి పోరాదా బాబా? వలల పడవలున్నయ్యిగా?"

"నీ పడవ దిగితే పోతా" అన్నాడు బాబా.

సైదులు వెనక్కి వచ్చి మళ్ళీ కాగితం పట్టుకున్నాడు. ఇప్పుడు వాడి నెత్తిన ఇంకో బరువు పడింది. ఆ పిల్లకు తల్లిని లేకుండా చేసిన పడవ మీదే, ఆ పిల్ల దగ్గరకు తాతను తీసుకుపోవాలి. అయినా కాగితం కింద పెట్టేవాడు కాదు.

మర్నాటి నుంచి బాబా కూడా రేవులోకి రావడం మొదలుపెట్టాడు. పడవ నీడన గోనెపట్టా పరుచుకుని కూచునేవాడు. చెయ్యి సాయం లేదు, మాట సాయం లేదు. వాడు గీకుతుంటే చూసేవాడు. మధ్యాహ్నం తులిశమ్మ గంజి తెస్తే, ముందు వాడికిచ్చి తర్వాత తాను తాగేవాడు.

తులిశమ్మకు ఓపిక నశించింది. "బాబా, నువ్వయినా చెప్పు. చెక్క మీద వేలితో కొట్టి చూడు, మోత మారిపోయింది. ఇంకా చిత్రిక పట్టాడంటే అటుపక్క కనపడుద్ది. కన్నం పడితే ఇంకేం పడవ?"

బాబా వేలితో కొట్టి చూశాడు. "నిజమే" అన్నాడు. సైదులుతో ఏమీ అనలేదు.

సైదులు కాగితం విసిరి కొట్టాడు. ఎన్నాళ్ళుగానో లోపల దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది.

"తిట్టరాదా బాబా నన్ను? ఇన్నాళ్ళనుంచీ ఒక్క మాటన్నా అన్నావా? నీ బిడ్డను నీళ్ళపాలు చేశా. నా పక్కన కూచుని గంజి ఎట్లా తాగుతున్నావు? కొట్టు. ఊళ్ళోకి రావద్దను. ఏదో ఒకటి అను."

"అంటే గీత పోద్దా?"

"పోదు."

"మరి?"

సైదులు చాలాసేపు పడవకు తల ఆనించి ఉండిపోయాడు. తర్వాత కింద పడ్డ కాగితం వెతుక్కుని దులుపుకున్నాడు. తులిశమ్మ గంజి కుండ ఎత్తుకుని కళ్ళు తుడుచుకుంటూ ఇంటికి పోయింది.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. చెక్క లోపలిదాకా ఆరింది. ఈసారి పెట్టిన లప్పం గుంజుకోలేదు. రంగేసి వారం చూశాడు. గీత రాలేదు.

బాబా మొలతాడుకు కట్టుకున్న గుడ్డసంచిలోంచి దూదిపింజ తీసి, ఆ చోటే పెట్టి మెల్లగా రాశాడు. పింజ తిరిగి చేతిలోకి తీసుకుని చూశాడు.

"దూదికి ఏమీ తగల్లేదు" అన్నాడు.

సైదులు చూపుడువేలు పెట్టి అదే చోట రాశాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి రాశాడు.

"నా వేలికి తగుల్తంది బాబా."

"ఎక్కడ?"

"ఇక్కడే. జానెడు."

బాబా వాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు. "రేపు నీళ్ళలోకి దింపు" అన్నాడు.

"తగుల్తందని చెప్తున్నా కదా."

"దింపు."

మర్నాడు పొద్దున లంకంతా రేవులోనే ఉంది. పడవ తలకు పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండ కట్టారు. పెదకాపు కొబ్బరికాయ కొట్టాడు. పడవ నీలంగా, ఎండలో తళతళలాడుతూ ఉంది. మొదటిసారి కంటే బాగుంది, అది అబద్ధం కాదు. ఊరి జనానికి ఆ పడవ నీళ్ళలో పడుతుందన్న సంతోషమే గానీ దగ్గరకు పోయి ముట్టుకునే ధైర్యం లేదు. ఎవరో ఒకతను మాత్రం సైదుల్ని ఉత్సాహపరుద్దామని, "ఏం పని చేశావురా, ఈగ వాలినా జారుద్ది" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. బాబా ఆ మాట అన్నతని మొహంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు.

సైదులు తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. పడవలోకి కాలు ఎత్తబోయి దించేశాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. గీతలు పోతే తెడ్డు పడతానన్నాడు. పట్టాడు. అంతకుమించి కావడంలేదు.

"నావల్ల కాదు బాబా" అన్నాడు. "నన్నొదిలెయ్యి. పడవ ఎవరికైనా ఇచ్చేసి నా దారిన నే పోతా."

బాబా చంకలో ఆకుపచ్చ గుడ్డ మూట ఒకటుంది. దాన్ని గట్టు మీద పెట్టాడు. చొక్కా విప్పి దాని మీద పెట్టాడు.

"మెడలోతుకు తీసుకుపోయి బోర్లా తిప్పండి" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. పసుపూ కుంకం పెట్టి దింపిన పడవను నీళ్ళలో బోర్లించడం మా లంకలో ఎవరూ విని ఎరగరు. పెదకాపు, "బాబా, అదేం మాట? శుభమా అని..." అని నసిగాడు. బాబా ఆయన వంక చూడలేదు. సైదులు వంకే చూస్తున్నాడు.

సైదులు తెడ్డు పక్కన పెట్టాడు. నలుగురు మగాళ్ళను పిలిచి పడవను లోపలికి తోశాడు. అందరూ కలిసి ఒక పక్క నుంచి ఎత్తి తిప్పారు. వేపమండ నీళ్ళ కిందికి పోయింది. నీలం అడుగు పైకి వచ్చి తేలింది. గట్టు మీద రత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగింది.

బాబా నీళ్ళలోకి దిగాడు. ఈత రాని మనిషి. నడుం దాటి, గుండె దాటి, గడ్డం తడిసేదాకా పోయాడు. పడవ పక్కకు చేరి రెండు చేతులూ దానిమీద వేశాడు. వేసి, కాళ్ళు ఎత్తేశాడు.

చేతులు జారాయి. మునిగాడు. లేచి మళ్ళీ వేశాడు. పది వేళ్ళూ విప్పి రంగుకు అదిమిపెట్టాడు. మళ్ళీ జారాయి. మూడోసారి గోళ్ళతో పట్టుకోబోయాడు. గోళ్ళు రంగు మీద కీచుమన్నాయి. ఆ చప్పుడు గట్టు దాకా వినపడింది. ఈసారి ఆయన పైకి రాలేదు.

సైదులు ఒక్క ఉదుటున పోయి రెక్క పట్టుకుని పైకి లాగాడు. బాబా నీళ్ళు కక్కుకుంటూ వాడి భుజం పట్టుకున్నాడు. దగ్గు తెరిపిచ్చాక చాలా నెమ్మదిగా అన్నాడు.

"జైబూ ఎక్కడ పట్టుకుందో చూద్దామని."

నీళ్ళు ఇద్దరి మెడల చుట్టూ ఆడుతున్నాయి.

సైదులు బాబాను పక్కనున్నవాడికి అప్పగించి పడవ దగ్గరకు పోయాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి అంచు వెతికాడు. అంచుకు బెత్తెడు పైన, నున్నటి నీలం మీద బొటనవేలు ఆనించాడు. అక్కడ ఏదో ఉందని లోకంలో ఇంకెవరూ కనిపెట్టలేరు. అంత బాగా పూడ్చాడు. మొలలోంచి వలలు కోసే కత్తి తీసి, మొన అక్కడ గుచ్చి తిప్పాడు. రంగు పెచ్చు లేచింది. తెల్లగా లప్పం రాలి నీళ్ళలో కలిసింది. కత్తి పిడితో కొడితే లోపలి చెక్క ముక్క ఊడిపోయింది.

బెజ్జం.

మూరెడు అవతలికి జరిగాడు. మళ్ళీ బొటనవేలు, మళ్ళీ కత్తి. ఇంకో బెజ్జం. అన్ని నెలలు ప్రాణం పెట్టి చేసిన నునుపంతా వాడే తూట్లు తూట్లుగా తవ్వుకుంటూ పోయాడు. ఆ పాత మోకు ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది. అందరూ దాన్ని పట్టుకుని ఎక్కినవాళ్ళే, దిగినవాళ్ళే. లేకుండా పోయినప్పుడు ఏదని అడిగినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే.

ఒక పక్క పూర్తయ్యేసరికి వాడి మొహమంతా తడి. ఏడుపో, ఏటి నీళ్ళో తెలియలేదు.

"నేనే పీకేశా బాబా" అన్నాడు. "అసయ్యంగా ఉందని నేనే పీకేశా. గీత గీత అని ఇన్నాళ్ళూ..."

"అడిగాను" అన్నాడు బాబా. "పాత మోకేదని అడిగాను. పొయ్యిలోకి పోయిందన్నావు. బాగుందన్నాను."

సైదులు తల ఎత్తి చూశాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి బాబా మొహంలోకి చూశాడు. ఆ మొహంలో వాడికి ఏం కనపడిందో గట్టు మీద ఉన్న మాకు తెలియదు. చూసి, ఈదుకుంటూ పోయి ముసలాయన పాదాలు నీళ్ళలోనే వెతికి పట్టుకోబోయాడు. బాబా వాడి జుట్టు పట్టి పైకి లేపాడు.

రెండో పక్క బెజ్జాలు కూడా తవ్వాక పడవను తిప్పి ఒడ్డుకు చేర్చారు. వేపమండ చిరిగిపోయి ఉంది, పసుపు కడుక్కుపోయింది. మళ్ళీ రాద్దామని ఎవరూ అనలేదు.

బాబా తడిబట్టలతోనే కూచుని ఆకుపచ్చ గుడ్డ విప్పాడు. అందులో మోకు ఉంది. ఎగరని జెండా మోకు, జైబున్ ఆఖరిసారి పేనించి పంపింది. పీచు ఇంకా పచ్చి వాసన వేస్తోంది. చుట్ట విప్పి ఒక కొస సైదులు చేతిలో పెట్టాడు.

సైదులు దాన్ని మొదటి బెజ్జంలోంచి దూర్చాడు. లోపలివైపు ముడేసి, బయటికి తీసి, చెయ్యి పట్టేంత వేలాడేటట్టు వదిలి, రెండో బెజ్జంలోకి దూర్చాడు. వాడి వేళ్ళు పగిలి ఉన్నాయి. మోకు పీచు వాటిలో గుచ్చుకుంటోంది. ఆ పనిలో ఒక్కసారి ఉంగరం గీత ఉన్నచోట మోచెయ్యి ఆనింది. వాడు ఆగి అటు చూడలేదు.

"రేపు పోటుకు పోదాం" అన్నాడు బాబా. "పిల్లను ఈ పడవలోనే తీసుకురావాలి."

సైదులు తల ఊపాడు. ఆఖరి బెజ్జం దగ్గర మోకు బిగించి ముడి వేస్తుంటే, బాబా వంగి ఆ ముడిని వేలితో కదిపి చూశాడు.

"ఇంకా గట్టిగా కట్టు" అన్నాడు. "పట్టుకునేటప్పుడు చేతులు తడిగా ఉంటాయి."